టార్చిలైటు పునరావాసం

ఆఫీసుకు వెళ్లకుండా పనిచేయడమనే విద్యను 2020లో తామే కనిపెట్టామని సాఫ్ట్‌వేర్ కంపెనీల నమ్మకం. ఆ నమ్మకం చూసి నవ్వుకునే హక్కు చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని ప్రతి మాజీ హవల్దారుకూ ఉంది. 1984 నుంచి సియాచిన్ మంచు మీద మనవాళ్లు చేస్తున్నది మరేమిటి? ఆఫీసు ఢిల్లీలో, ఉద్యోగి హిమానీనదం మీద, ఆయన చిరునామా ‘కేరాఫ్ 56 ఏపీఓ’. పై అధికారి ముఖం కనిపించదు, వైర్‌లెస్ సెట్టులో గొంతు మాత్రం వినిపిస్తుంది. అయినా పని ఆగదు. ఏ గంటకు ఏం జరిగిందో రిజిస్టరులోకి ఎక్కుతుంది. డ్యూటీ మారేటప్పుడు ఏ వస్తువు ఎక్కడుందో కాగితం మీద అప్పజెప్పాకే మనిషి కదులుతాడు. ఇంట్లో కూర్చున్న ఉద్యోగుల చేత సరిగ్గా ఈ మూడు పనులూ చేయించడానికే కంపెనీలు ఇవాళ డబ్బు పోసి సాఫ్ట్‌వేర్లు కొంటున్నాయి. అవన్నీ ఒంటబట్టిన మనిషి నలభై అటూ ఇటూ వయసులో నల్ల ట్రంకుపెట్టె దించుకుని ఊళ్లోకి వస్తే, కడప–చిత్తూరు రోడ్డూ తిరుపతి రోడ్డూ కలిసే ఆ కూడలిలో ఈ దేశం ఆయన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: నైట్ డ్యూటీనా, డే డ్యూటీనా?

ఏ గేటు దగ్గర అన్నది చిన్న విషయం. బెంగళూరు అపార్ట్‌మెంటు కావచ్చు, శ్రీసిటీ ఫ్యాక్టరీ కావచ్చు, చిత్తూరులో ఏటీఎం కావచ్చు, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ కావచ్చు. ఏటా సుమారు అరవై వేల మంది యూనిఫాం విప్పి బయటికి వస్తారు. పిల్లలు ఇంకా హైస్కూల్లోనే, ఇంటి లోను ఇంకా బ్యాంకులోనే, ఓపిక ఇంకా ఒంట్లోనే ఉండే వయసది. వీళ్ల కోసం రక్షణ శాఖలో 2004 నుంచి ప్రత్యేక విభాగం ఉంది, దాని కింద పునరావాస డైరెక్టరేట్ జనరల్ ఉంది, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి. కార్యాలయాలకు లోటు లేదు. లోటంతా ఊహకే. డైరెక్టరేట్ వారి స్వయం ఉపాధి పథకాలు చూడండి: సెక్యూరిటీ ఏజెన్సీలు, బొగ్గును లారీలకెత్తి తరలించే కంపెనీలు, ఢిల్లీ చుట్టుపక్కల సీఎన్‌జీ బంకులు, ఆ చుట్టుపక్కలే పాల బూతులు, కూరగాయల దుకాణాలు. పూతలపట్టులో తవ్వితే బొగ్గు పడదు. ఢిల్లీ వాళ్లకు పాలు పోయడానికి ఇక్కణ్నుంచి వెళ్లడమంటే మళ్లీ ఏపీఓ చిరునామా పుచ్చుకోవడమే. చివరికి మిగిలేది సెక్యూరిటీ. అందులోనూ ఏజెన్సీ యజమాని తరచుగా మాజీ కల్నలుగారు, గేటు దగ్గర నిలబడేది మాజీ సిపాయి. మనుషులు రిటైరయ్యారు గానీ ర్యాంకులు కాలేదు. ఇది మన ఒక్కరి ఘనతే అనుకోవద్దు. సరిహద్దు దాటితే తమిళనాడు సర్కారు 1986లోనే మాజీ సైనికుల కోసం టెక్స్‌కో అని ఏకంగా ఒక కార్పొరేషనే పెట్టింది. దాని ప్రధాన వ్యాపారమూ కాపలాయే. తోతాపురి మామిడిని గుజ్జు కోసమే కొన్నట్టు, మాజీ సైనికుణ్ని అందరూ నిలబడడం కోసమే కొంటున్నారు.

ఇంతకీ ఈ కాలమ్ వాదన ఏమిటంటే, ఫ్రీలాన్సింగ్ అనే ప్రమాదకరమైన వృత్తికి ఈ దేశంలో అన్ని అర్హతలూ ఉన్నది ఒక్క మాజీ సైనికుడికే. ఆ పని ఆయనకు తప్ప అందరికీ చెబుతున్నాం. 2020–21లో 77 లక్షల మందిగా ఉన్న గిగ్ కార్మికులు 2029–30 కల్లా 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లో లెక్కగట్టి మురిసిపోయింది. ఆ కోట్లలో ఎక్కువమంది పరిస్థితి తెలిసిందే. ఈ నెల పని ఉంటుంది, వచ్చే నెల ఉండదు. జ్వరమొచ్చిన రోజు ఆదాయం సున్నా. ఆసుపత్రి బిల్లు సొంతం, ముసలితనం సొంతం. మాజీ సైనికుడికైతే నెల తిరిగేసరికి పింఛను పడుతుంది. 2015లో ప్రకటించిన ఒకే ర్యాంకు–ఒకే పింఛను పుణ్యమా అని అది మధ్యమధ్య పెరుగుతుంది కూడా. 2003 నుంచి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది కాబట్టి గుండెనొప్పి వస్తే పొలం అమ్మనక్కరలేదు. క్లయింటు మూడు నెలలు డబ్బు ఎగ్గొట్టినా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. గిట్టని పని వద్దనగలడు, తక్కువ రేటు అడిగిన వాడికి నమస్కారం పెట్టి పంపగలడు. అలా వద్దనగలిగిన వాడే నిజమైన ఫ్రీలాన్సర్. మిగతావాళ్లు ఇంట్లో కూర్చున్న దినకూలీలు. ప్రభుత్వం ఇరవై ఏళ్లపాటు ఆయన జీవితానికి పునాది పోసి, గోడలు లేపే సమయానికి టార్చిలైటు చేతిలో పెట్టి బయట నిలబెడుతోంది.

ఆయనకు ఈ ఆన్‌లైన్ వ్యవహారాలు పట్టుబడవని అనేవాళ్లున్నారు. అంటున్నది ఎవరో చూడాలి. ఇదే రక్షణ శాఖ పింఛన్ల వ్యవహారమంతా స్పర్శ్ అనే పోర్టల్లోకి ఎక్కించి, పాస్‌వర్డు పెట్టుకో, వివరాలు సరిచూసుకో, తప్పుంటే ఫిర్యాదు చెయ్యి అని సిపాయికే అప్పజెప్పింది. ఏటా బతికున్నట్టు రుజువు చూపాలి. 2021 నుంచి దానికి ఫోను ముందు ముఖం పెట్టినా చాలు. అంటే తాను బతికే ఉన్నానని ఫోనులో నిరూపించుకునేటంత సాంకేతిక జ్ఞానం ఆయనకుందని సర్కారు నమ్ముతుంది, అదే ఫోను మీద బతకగలడని మాత్రం నమ్మదు. పోనీ ఆయన వెనకబాటుకు కారణం ఎవరు? 2020 జులైలో సైన్యం 89 యాప్‌ల జాబితా ఇచ్చి ఫోన్లలోంచి తీసేయమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ట్రూకాలర్ అన్నీ అందులో ఉన్నాయి. దేశభద్రతకు అది అవసరమే కావచ్చు, వాదించను. కానీ నిన్నటిదాకా ‘నీ ముఖం ఎక్కడా కనిపించకూడదు’ అన్న వ్యవస్థలోంచి బయటపడగానే, ‘నీ బ్రాండు నువ్వే కట్టుకోవాలి’ అనే బజారులో పడ్డ మనిషి తడబడితే అది తెలివితక్కువతనం కాదు, క్రమశిక్షణ. ఇన్నేళ్లు ఏం పని చేశావని క్లయింటు అడిగితే చెప్పగలిగిన వాటి కంటే చెప్పకూడనివే ఎక్కువ. డిశ్చార్జి బుక్కులో ‘ఎగ్జెంప్లరీ’ అని నడవడికకు పట్టం కట్టి ఉంటుంది. ప్లాట్‌ఫారం మీద దాన్ని ఎక్కడా అంటించడానికి వీల్లేదు. భుజాన నక్షత్రాలు మోసిన సుబేదారు అక్కడ సున్నా నక్షత్రాల కొత్తవాడు.

ఇంగ్లీషు రాదు కదా అన్నది తర్వాతి అభ్యంతరం. కొంత నిజమే, దాటవేయను. సర్వీసంతా రైఫిలు పట్టిన వాణ్ని రేపు పొద్దున ప్రోగ్రాం రాయమనడం హాస్యం. అయితే సైన్యమంటే రైఫిళ్లే కాదు. అందులో సిగ్నల్స్ వాళ్లున్నారు, ఈఎంఈ మెకానిక్కులున్నారు, స్టోరు లెక్కలు చూసినవాళ్లున్నారు, క్లర్కులున్నారు, వైమానిక దళం టెక్నీషియన్లున్నారు. మనం అందరికీ కలిపి ‘మిలిట్రీ ఆయన’ అని ఒకే పేరు పెట్టుకున్నాం, క్యాంటీను సీసా అడగడానికి అంతకంటే వివరం అక్కరలేదు గనక. పైగా చిత్తూరు వైపు వాళ్ల చేతిలో ఇంకో ఆస్తి ఉంది. పుట్టింది తెలుగులో, సంతలో బేరమాడింది తమిళంలో, ఉద్యోగం చేసింది హిందీలో. బెంగళూరు కంపెనీలు కస్టమర్ల ఫోన్లెత్తడానికి ఒక్కో భాషకు ఒక్కో మనిషిని పెట్టుకుంటే, ఇక్కడ మూడూ ఒకే నోట్లో ఉన్నాయి. భారతీయ భాషలను కంప్యూటర్లకు నేర్పడానికి కేంద్రం 2022లో భాషిణి ప్రారంభించింది. గొంతులు, అనువాదాలు, దిద్దుబాట్లు, ఆ పని ఎప్పటికీ తరగదు. దానికి దొరతనం ఇంగ్లీషు అక్కరలేదు. తప్పు చదివితే తప్పని చెప్పే ఓపిక కావాలి, పదిహేనేళ్లు పెరేడ్ గ్రౌండులో తప్పులు ఎంచిన ఉస్తాదుకు దాన్ని నేర్పనక్కరలేదు.

కంపెనీలే ఉద్యోగులను వెనక్కి పిలుస్తుంటే ఇదేం కాలం చెల్లిన సలహా అంటారా? టీసీఎస్ 2023 అక్టోబరు నుంచి వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మన్న మాట నిజం. వెనక్కి పిలిచింది జీతగాళ్లను. ముక్కలుగా బయటికిచ్చే పనికి కుర్చీ ఎక్కడున్నా ఒకటే, అది ఇంకా దూరం పోతోంది. కృత్రిమ మేధ వచ్చి ఈ పనులన్నీ మింగేస్తుందన్న భయమూ ఉంది. మింగొచ్చు. గేటును మాత్రం వదిలిందా? టోల్ ప్లాజాలు నడపడం కూడా ఒకప్పుడు మాజీ సైనికుల పునరావాస పథకమే. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసి, చిల్లర లెక్కపెట్టే చేతులతో పని లేకుండా చేసుకున్నారు. యంత్రానికి పోటీ పడాల్సిందే అయినప్పుడు నిలబడి ఓడడం కంటే కూర్చుని పోరాడడం మేలు.

ఆయనకు గేటే ఇష్టమన్నది మాత్రం కాస్త బరువున్న అభ్యంతరం. యూనిఫాం ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు పలకరిస్తారు, ఒకటో తారీఖున జీతం పడుతుంది. గదిలో లాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చోవడానికి ఆయనకేం పట్టిందని అడగవచ్చు. ఇష్టమైతే చేయనివ్వండి, కాపలా నామోషీ పని కాదు. కానీ ఇష్టమనే మాట రెండు దారులున్న చోట చెల్లుతుంది. సైనికుడికి ఏడాదిలో ఇల్లు దక్కేది రెండు మూడు నెలల సెలవుల్లోనే. పిల్లలు పెరగడాన్ని ఆయన విడతలవారీగా చూశాడు, తల్లిదండ్రుల జబ్బుల గురించి ఫోనులో విన్నాడు. ఇంటికొచ్చి ఏడాది తిరక్కుండానే బెంగళూరు అపార్ట్‌మెంటు సెల్లారులో మంచమేసుకుంటే, దాన్ని పునరావాసమని పిలవడానికి గుండె ధైర్యం కావాలి. అది మరో పోస్టింగు. తేడా ఏమిటంటే అప్పట్లో ఆయన సెల్యూట్ కొట్టింది సరిహద్దు కాసే అధికారికి, ఇప్పుడు కొడుతున్నది బి బ్లాకు అయిదో అంతస్తు కారుకు. పూతలపట్టులో కూర్చుని చేసే పని విలువ ఈ కారణంగానే ఇతరులకంటే ఆయనకు రెట్టింపు.

మన రాష్ట్రం ఈ విషయంలో ఏమీ అనలేదని కాదు. చాలా అంది. ఈ ఉమ్మడి జిల్లా బిడ్డే అయిన ముఖ్యమంత్రి 2025 ఫిబ్రవరిలో ఇంటి నుంచి పనిని పెద్దయెత్తున తెస్తామని, ముఖ్యంగా మహిళలకు, ప్రకటించారు. సచివాలయ సిబ్బంది సర్వేకు బయల్దేరారు, దానికి తర్వాత కౌశలం అని ముచ్చటైన పేరు వచ్చింది. ఉద్దేశం మంచిదే. చదువు కొలిచే ఫారాల్లో మాత్రం మాజీ హవల్దారు ఎప్పటికీ పదో తరగతే, ఎందుకంటే ఆ తర్వాత ఆయన చదివింది మ్యాపులు, నడిపింది మనుషుల్ని. పునరావాస డైరెక్టరేట్ కంప్యూటర్ కోర్సులూ ఇప్పిస్తుంది, న్యాయంగా ఆ మాటా చెప్పాలి. కోర్సు సర్టిఫికెట్ ఇస్తుంది గానీ మొదటి గిరాకీని ఇవ్వదు. ఫ్రీలాన్సర్‌కు కావలసింది ఆ మొదటి గిరాకీ. దాన్ని ప్రభుత్వమే ఇవ్వాలి, ఇవ్వగలదు. కేంద్రం గ్రూప్–సి కొలువుల్లో 10 శాతం మాజీ సైనికులకు ఉంచినప్పుడు, బయటికి కాంట్రాక్టుకిచ్చే ఫోను పనుల్లో, దస్త్రాల పనుల్లో కొంత వాటా ఉంచడానికి ఏ రాజ్యాంగ సవరణా అక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల ఫోను నంబరు 1100కు వచ్చే గోడును రాత్రిపూట వినడానికి రాత్రి కాపలా అలవాటున్న మనిషి కంటే ఎవరు కావాలి? స్పర్శ్‌లో పేరు తప్పు పడిన వితంతువు గోడు అర్థం చేసుకోవడానికి, జీవితమంతా సిపాయిల పేర్లూ వివరాలూ రికార్డుకెక్కించే పార్ట్–2 ఆర్డర్లు రాసిన ఆర్మీ క్లర్కు కంటే నిపుణుడెక్కడ దొరుకుతాడు?

ఇదంతా తొందరగా తేలాల్సిన పని, ఎందుకంటే వెనక వస్తున్నవాడి లెక్క వేరు. 2022 జూన్‌లో ప్రకటించిన నాలుగేళ్ల సైనిక కొలువు పథకం అగ్నిపథ్ కింద ఆర్మీ తొలి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. ఆ లెక్కన 2027 సంక్రాంతి ప్రాంతంలో వాళ్లు ఇళ్లకు చేరాలి. ప్రకటించిన నిబంధన ప్రకారం కొనసాగేది 25 శాతం దాకానే. తక్కినవాళ్లకు పింఛను లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. పైన చేసిన వాదనకు ఆధారమైన ప్రతి మెట్టునూ వాళ్ల కాళ్ల కింద నుంచి ముందే లాగేశారు. కాబట్టి గిగ్ ఆర్థిక వ్యవస్థ మీద ఉపన్యాసాలన్నీ ఇప్పుడు వాళ్లకే వినిపిస్తాయి. నష్టం తట్టుకోగలిగిన హవల్దారుకు సాహసం వద్దన్నవాళ్లే, తట్టుకోలేని పాతికేళ్ల కుర్రాడితో సాహసించమంటారు. పెట్టుబడికి, వెళ్లేటప్పుడు చేతికిచ్చే సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఉంది కదా అని భుజం తడతారు. అందులో సగం, నెలనెలా అతని జీతంలోంచి 30 శాతం చొప్పున కోసిన సొమ్మేనని ఆ వేదిక మీద ఎవరూ గుర్తు చేయరు.