గుట్ట కనిపించే కిరాయి ఇల్లు: గేర్ సైకిల్ కొన్నవారికి పానగల్ చిట్కాలు

గేర్ సైకిల్ కొన్నారు. ఇక మిగిలింది తొక్కడం ఒక్కటే కాబట్టి, ముందు ఇల్లు మారండి. గుట్టకు దూరంగా ఉండి తొక్కనివాణ్ణి జనం బద్ధకస్తుడంటారు. గుట్ట పక్కనే ఉండి తొక్కనివాణ్ణి మాత్రం "ఆయనకేం, ఎప్పుడంటే అప్పుడు పోతడు" అంటారు. ఆ పేరు రావడానికి నెల నెలా కొంత కిరాయి ఎక్కువ కడితే చాలు. కట్టేయండి.

హైదరాబాద్ వాళ్లు ఈ పనికి నార్సింగి, కోకాపేట వైపు ఫ్లాట్లు వెతుకుతారు. వాళ్లను చూసి మోసపోకండి. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకలు కప్పారు. ఎండ అని తప్పించుకోలేరు, లారీలని తప్పించుకోలేరు, దారి బాగాలేదని అసలే అనలేరు. అంత ప్రమాదకరమైన చోట ఇల్లు తీసుకుంటే నిజంగానే తొక్కాల్సి వస్తుంది.

మీకు తగినది పానగల్. నల్లగొండ టౌనుకు ఆనుకునే ఉంది. కందూరు చోడుల నాటి ఉదయ సముద్రం చెరువు, దాని పొడుగాటి కట్ట, ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం. టౌను వైపు చూస్తే లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట. ఎర్ర చెలకల మధ్య బాటలు, వాటి మీద ఎవరో ఒలకబోసినట్టు బండరాళ్లు. కొండ సైకిల్ తొక్కడానికి ఏమేం కావాలో అన్నీ ఉన్న ఊరు. తొక్కకుండా ఉండడానికి కావాల్సినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

1. ఇంటిని మ్యాప్‌లో చూడండి

ఫోన్‌లో మ్యాప్ తెరవండి. ఇంటి మీద ఒక వేలు, గుట్ట మీద ఒక వేలు పెట్టండి. రెండు వేళ్లూ తగిలితే అడ్వాన్స్ ఇచ్చేయండి. మధ్యలో కాలువ ఉందా, ముళ్లకంచె ఉందా, బాట ఎవరి పట్టా భూమిలోంచి పోతుందో అడగకండి. అడిగితే చెప్తారు. చెప్తే మీకు తెలిసిపోతుంది. అప్పుడు ఆర్నెల్ల తర్వాత "ఏం చేస్తం, కంచె ఏసిండ్రు" అని నిట్టూర్చే అవకాశం చేజేతులా పోగొట్టుకున్నట్టే.

ఇల్లు చూడడానికి డిసెంబర్‌లో, పొద్దున్నే పోండి. చెరువు మీద పొగమంచు, కట్ట మీద మఫ్లర్లు చుట్టుకున్న రిటైర్డ్ సార్లు, చాయ్ వాసన. మే నెలలో మాత్రం పోవద్దు. 44, 45 డిగ్రీల నల్లగొండ ఎండకు కాలిన బండ పొద్దు గూకినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ సంగతి అగ్రిమెంట్ రాసుకున్నాక తెలిస్తేనే అందం.

2. మూడో అంతస్తు తీసుకోండి, లిఫ్ట్ లేకుండా చూసుకోండి

ముందు భాగంలో స్ప్రింగు ఫోర్కు ఉన్న మామూలు గేర్ సైకిల్ పదహారు, పదిహేడు కిలోలు తూగుతుంది. దాన్ని భుజాన వేసుకుని ఇరుకు మెట్లు దిగాలంటే హ్యాండిల్ గోడకు గీరుకుంటుంది, పెడల్ పిక్కలో దిగుతుంది, గొలుసు నూనె చొక్కాకు అంటుతుంది. మొదటి ఆదివారం ఒకసారి దిగి ఎక్కండి. రెండో ఆదివారం నుంచి ఎవరైనా అడిగితే ఆ పిక్క చూపించండి.

ఓనర్లు మంచివాళ్లయితేనే చిక్కు.

"కింద మోటార్ రూముల పెట్టుకో బిడ్డా, తాళం చెవి నీకే ఇస్త."

"వద్దు పెద్దమ్మా, తేమకు డిస్క్ బ్రేకులు ఖరాబైతయ్."

ఈ జవాబు తడుముకోకుండా చెప్పాలి. అద్దం ముందు సాధన చేయండి. సైకిల్‌ను బాల్కనీలో, గుట్టకు ఎదురుగా, వీధిలోకి కనిపించేలా నిలబెట్టండి. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పడే స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుందని దేశం నలుమూలల నుంచి వచ్చి చూసి పోతారు. మీ సైకిల్ కూడా అలాగే, సూర్యుడు ఎటు తిరిగినా పెట్టిన చోటే ఉండాలి. తడి తువ్వాళ్లు హ్యాండిల్‌కు వేయొచ్చు. సీటుకు మాత్రం వేయకండి, చూసేవాళ్లకు అనుమానం వస్తుంది.

3. ఉద్యోగం గచ్చిబౌలిలోనే ఉంచుకోండి

పానగల్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో నౌకరీ. నార్కట్‌పల్లి మీదుగా విజయవాడ హైవే ఎక్కి పోవడానికి వంద కిలోమీటర్లకు పైనే, రావడానికి మళ్లీ అంతే. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ట్రాఫిక్ వేరే లెక్క. చీకటితో పోయి చీకటితో వస్తారు. అడిగినవాళ్లకు "వాతావరణం కోసం ఇక్కడుంటున్నం" అని చెప్పండి. ఇంట్లోవాళ్లు "ఆ వాతావరణం నువ్వు ఎప్పుడు చూస్తున్నవ్?" అంటే ఆదివారం అనండి. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోండి.

4. ముళ్లతో స్నేహం చేయండి

మిగతా చిట్కాలు మరచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. అలుపు సాకు పెట్టుబడితో పని, కాస్త నటించాలి. పంక్చర్ సాకు ఊరికే దొరుకుతుంది, సాక్ష్యంతో సహా.

పానగల్ చుట్టూ రెండు రకాలు మేలైనవి దొరుకుతాయి. ఒకటి పల్లేరు కాయ. ఒకటి తీసి అరచేతిలో పెట్టి అటూ ఇటూ దొర్లించండి. ఎలా పడ్డా ముల్లు పైకే చూస్తుంది. చెలక గట్టు మీద పల్లేరు తీగ పాకిన చోట ఇరవై అడుగులు తొక్కితే రెండు టైర్లకూ పని అయిపోతుంది. రెండోది సర్కారు తుమ్మ. దాని ముల్లు గుచ్చుకుని ఊరుకోదు. టైరులో దిగి, విరిగి, మొన మాత్రం లోపల మిగులుతుంది. బయటినుంచి చూస్తే ఏమీ కనపడదు.

తెలిసినవాళ్లు ట్యూబు మార్చేముందు టైరు లోపల వేళ్లతో చుట్టూ తడిమి ఆ మొన పట్టుకుని పీకేస్తారు. మీరు తడమకండి. కొత్త ట్యూబు వేయించి, డబ్బులిచ్చి, బయల్దేరండి. చెరువు కట్ట దాకా పోకముందే మళ్లీ గాలి పోతుంది. సైకిల్ నడిపించుకుంటూ అదే దుకాణానికి తిరిగి రండి.

"లోపల చెయ్యి పెట్టి చూసినవా అన్నా?"

"యాడ చూసిన, నువ్వే ఏసినవ్ గదా!"

దుకాణం అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూపిస్తాడు. వెంటనే ఫొటో తీయండి. ఒక్క బుడగల ఫొటోతో మూడు ఆదివారాలు గడుస్తాయి.

టైరులో గాలి విషయంలోనూ ఇదే పద్ధతి. రాళ్ల బాటలో పట్టు దొరకాలని అలవాటున్నవాళ్లు గాలి కాస్త తగ్గిస్తారు. మీరు రాయిలా బిగించండి. ప్రతి గులకరాయికీ ఎగిరి నడుము పడుతుంది. నడుము నొప్పికి సాక్ష్యం అడిగేవాడు ఇంకా పుట్టలేదు.

ఇక అసలైన కిటుకు. సైకిల్ కొనేటప్పుడే సన్న మూతి ప్రెస్టా వాల్వ్ ఉన్న ట్యూబులు అడిగి వేయించుకోండి. బైకులకు గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు. మధ్యలో పెట్టే చిన్న ఇత్తడి మూత ఒకటి ఉంటుంది, చవకే. దాన్ని కొనకండి. కొంటే ఏ పెట్రోల్ బంకులోనైనా గాలి కొడతారు, మీ బతుకు బజారున పడుతుంది.

5. సాకులు కాలం ప్రకారం వాడండి

ఎండాకాలంలో వాన సాకు చెప్పేవాళ్ల వల్లే మనవాళ్లందరికీ చెడ్డపేరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బురద. నల్లరేగడి చేను దాటితే మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య ముద్ద కట్టి చక్రం తిరగదు, ఇది నిజం. ఎర్ర చెలక మాత్రం వాన వెలిసిన కాసేపటికే ఆరిపోతుంది, అదీ నిజం. మొదటిది చెప్పండి. వానాకాలం పంట చేతికొచ్చినప్పుడు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు; రైతు కష్టం మీదుగా టైరు పోనిచ్చే మనిషిని కానని గట్టిగా అనండి, విన్నవాళ్లు మెచ్చుకుంటారు కూడా. డిసెంబర్, జనవరి మంచు. ఆ తర్వాత లగ్గాలు. శివరాత్రికి సోమేశ్వరాలయం దారిలో జనం. మార్చిలో పిల్లల పరీక్షలు. పిల్లలు లేకపోతే ఓనర్ గారి పిల్లలవి వాడుకోండి. ఏప్రిల్, మే గురించి చెప్పాలా?

కుక్కలు అన్ని కాలాలకూ పనికొస్తాయి.

6. ఫోన్‌ను తొక్కనివ్వండి

ఈ రోజుల్లో తొక్కానంటే ఎవరూ నమ్మరు, యాప్‌లో గీత చూపించమంటారు. చూపించండి. స్ట్రావా ఆన్ చేసి ఫోన్‌ను బస్సులో వేస్తే గంటకు అరవై కిలోమీటర్లు పడి దొరికిపోతారు. ఆటోలో వేసినా అంతే. తెలివైనవాడు పాలబ్బాయిని పట్టుకుంటాడు. తెల్లవారుజామున పాత టీవీఎస్ మీద రెండు క్యాన్లు వేలాడేసుకుని పానగల్ సందుల్లో తిరిగే మనిషి వేగం సరిగ్గా అలసిపోయిన సైకిలిస్టు వేగమే. ఇంటింటికీ ఆగుతాడు, అవి మీరు నీళ్లు తాగిన చోట్లు అవుతాయి. ఫోన్ క్యాన్ మూతకు కట్టి పంపండి, మీరు దుప్పటి కప్పుకోండి. నెలకు అర లీటరు ఎక్కువ కొంటే చాలు, నోరు విప్పడు.

ఒకటే జాగ్రత్త. కొన్నాళ్లకు మీ పేరు ఆ దారుల్లో అందరికంటే పైకి వస్తుంది. నల్లగొండ సైకిల్ కుర్రాళ్లు వచ్చి "సార్, ఆదివారం మాకు దారి చూపించుండ్రి" అంటారు. అప్పుడు మళ్లీ నాలుగో చిట్కా చదువుకోండి.

ఫొటోలకు వేరే ఏర్పాటు. ఆటోలో సైకిల్‌ను ఉదయ సముద్రం కట్ట మీదికి తెప్పించండి. రెండు గుప్పెళ్ల ఎర్రమట్టి టైర్లకు పూయండి, సీసాలో నీళ్లు నుదుటి మీద చల్లుకోండి. ఎదురు వెలుతురు ఉంటే పొట్ట కనిపించదు.

7. గుట్ట ఎక్కకపోవడానికి చరిత్రను వాడండి

చెమట లేని చోట పాండిత్యం పనికొస్తుంది. 1976లో కాలిఫోర్నియాలోని మేరిన్ కౌంటీలో కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లేసుకుని మట్టి కొండ మీద నుంచి కిందికి పందెం పెట్టుకుని దిగేవాళ్లనీ, ఒక్క దిగుడుకే వెనక హబ్బులో గ్రీజు కాలి పొగైపోయేదనీ, మళ్లీ గ్రీజు కూరితేనే బండి కదిలేదనీ కంఠతా పట్టండి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిల్ పోటీని చేర్చారని కూడా కలపండి. ఇంత తెలిసినవాణ్ణి "నువ్వెప్పుడు దిగినవ్?" అని అడగడానికి ఎదుటివాడికి మొహమాటం అడ్డొస్తుంది.

మొహమాటం లేని బామ్మర్ది ఉంటాడు. అతనికి ఫిరోజ్ షా బహమనీ సంగతి చెప్పండి. ఏనుగులు, గుర్రాలు, సైన్యం వెంటబెట్టుకొచ్చి పానగల్ కోటను రెండేళ్లు ముట్టడించాడు, లోపల కాలు పెట్టలేకపోయాడు. శిబిరంలో రోగాలు పుట్టాయి. 1420 ప్రాంతంలో విజయనగరం చేతిలో ఓడి వెనక్కి పోయాడు. సుల్తాను వల్లే కాలేదు, ఇరవై ఒక్క గేర్ల సైకిల్‌తో నేనెంత, అనండి. ఆ కోట వనపర్తి వైపున్న ఇంకో పానగల్‌ది అని చాలామంది అంటారు. ఆ ముక్క మీరు ఎత్తకండి.

8. చివరగా, ప్లాటు కొనండి

కిరాయి ఇంట్లో ఏడాది తొక్కకుండా గడిపారంటే మీకు ఈ ఊరు పడినట్టే. ఇక సొంతానికి దిగండి. బైపాస్ పక్కన వెంచర్ కరపత్రం తీసుకోండి. దాని మీద పచ్చటి కొండ, కొండ మీద సైకిల్ తొక్కుతున్న తెల్లవాడు ఉంటే మంచి వెంచర్. ఆ కొండ ఎక్కడుందని అడగొద్దు. పీఎఫ్ తీయండి, మిగతాది లోను పెట్టండి. వాయిదా కట్టడానికి ఓవర్‌టైం చేయాల్సి వస్తుంది కాబట్టి ఆదివారం కూడా ఖాళీ ఉండదు. దాంతో ఐదో చిట్కా అవసరం తీరిపోయింది.

ప్లాటు చుట్టూ నాలుగు రాళ్లు పాతాక, పానగల్‌లో గుట్టలు మరీ చిన్నవని మీకు అనిపించడం మొదలవుతుంది. సరైన సమయంలో సరైన ఆలోచన. రాచకొండ గుట్టలు ఉన్నాయి, రేచర్ల పద్మనాయకులు ఏలిన చోటు, అడవి, లోయలు, అన్నీ. నారాయణపురం వైపు కిరాయి ఇల్లు వెతకండి. మూడో అంతస్తు దొరక్కపోతే రెండోదైనా సర్దుకోండి. గోడకు టైరు మరకలున్నాయని పానగల్ ఓనర్ అడ్వాన్స్‌లో సున్నం ఖర్చు పట్టుకుంటుంది, బేరమాడకండి. మీరు సైకిల్ ఇంట్లోంచి కదిలించారని ఒప్పుకునే మనిషి ఆమె ఒక్కతే. సామాన్లకు డీసీఎం మాట్లాడండి. బీరువా, మంచాలు, గ్యాస్ సిలిండర్ ఎక్కించాక సైకిల్‌ను అన్నిటిమీద నిలబెట్టి తాడు బిగించమనండి. నల్లగొండ క్లాక్ టవర్ మీదుగా, నెమ్మదిగా పొమ్మని డ్రైవర్‌కు మరీ మరీ చెప్పండి.