స్క్వాడ్ లీడరు

పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ కర్మాగారాల చుట్టుపక్కల అద్దె గదుల్లో, రెండో షిఫ్టు వదిలిన తరువాత, అంటే రాత్రి పది దాటాక కనిపించే మనుషుల్లో స్క్వాడ్ లీడరు ప్రత్యేకంగా పరిశీలింపదగినవాడు. స్క్వాడ్ అనగా బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వంటి ఫోను ఆటలో విమానం నుంచి ఒకేచోట దూకి, కలిసి పోరాడి, తరచుగా కలిసే చచ్చే నలుగురి జట్టు. అందులో ముగ్గురు ఆడతారు, లీడరు మాట్లాడతాడు.

మాట్లాడుకునే ఏర్పాటు ఆటలోనే ఉన్నా అతనికి అది ఆనదు. ఆటగాళ్ల సంభాషణల కోసం 2015లో వచ్చిన డిస్కార్డ్‌లో అతను ఒక సర్వరు తెరిచి, వ్యూహానికొక గది, ప్రకటనలకొక గది కేటాయించి, ఉన్న ముగ్గురు సభ్యులకూ మూడు హోదాలు కట్టబెట్టాడు. ఆటలోని మైకూ డిస్కార్డ్ మైకూ ఒకేసారి తెరిచి ఉండడం వల్ల "అన్నా, ఇనిపిస్తుందా?", "నీ మాట రెండుసార్లు వస్తుంది, ఒకటి బంద్ చెయ్" అనే విచారణతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. జట్టులో ఒకడు బిహారు నుంచి వచ్చినవాడు కనుక "పీఛే హై, యెనకున్నడు" అని ప్రతి హెచ్చరికా రెండు భాషల్లో వెలువడాలి. అది పూర్తయ్యేసరికి ఆ వెనకున్నవాడు పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఆట వంటి ఊహాలోకానికి దానిదంటూ వేరే మాటల యాప్ ఉండాలన్న అతని వాదం మాత్రం, అతని ఆటలా కాక, కొంతదూరం నిలబడుతుంది. లోకంలో ఉన్నంతసేపు లోపలి గొంతు చాలు, కానీ లోపలికి ఎవరు ఎప్పుడు వస్తారో తేలవలసింది బయటే. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఊహాలోకం కూడా 2007లో లోపల గొంతు కల్పించి, 2009లో ఆ లోకంలో అడుగుపెట్టకుండానే అక్కడివారితో మాట్లాడేందుకు స్లిమ్ అనే విడి ఉపకరణాన్ని తెచ్చింది. షిఫ్టులు వారంవారం మారే చోట, ఫోను గేటు దగ్గరే అప్పగించి లోపలికి వెళ్లవలసిన కొలువుల్లో ఈ అవసరం మరీ ఎక్కువ.

పైగా 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడూ, దాని భారతీయ రూపంగా 2021 జులైలో వచ్చిన ఈ బ్యాటిల్‌గ్రౌండ్స్ ఏడాది తిరిగాక యాప్ దుకాణాల నుంచి మాయమై 2023 మేలో తిరిగి వచ్చేదాకానూ, జట్టు చెదరకుండా కాపాడినది బయటి సంభాషణేనని లీడరు చాటిచెబుతాడు. అది నిజమే గాని, ఆ సంభాషణ జరిగినది అతని సర్వరులో కాదు, గది అద్దె పంచుకోవడానికి ఎవరో పెట్టిన వాట్సాప్ గ్రూపులో. సర్వరులోని ప్రకటనల గదిలో ఇప్పటికీ అతని ప్రకటనలే ఉన్నాయి. గ్రూపులో మాత్రం "పదిన్నరకు దిగుదాం" అన్న అతని ఆదేశం కింద గ్యాస్ బండ డబ్బులు ఎవరివి రావాలో లెక్క వస్తుంది, దాని కింద ముగ్గురూ వెంటనే జవాబిస్తారు, లెక్కకు.