చెకిన్ కౌంటరు వెనకనున్న పెద్దలకు బహిరంగ లేఖ

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,

ప్రతులు: విమానాశ్రయ భద్రత చూసేవారికి, కస్టమ్స్ వారికి, ఆరోగ్య శాఖ వారికి, ‘ఇది మా పరిధిలోకి రాదు’ అనబోయే తక్కిన శాఖలన్నిటికీ.

విషయం: వేప్ (ఈ-సిగరెట్) ఉన్న ప్రయాణికుడు దాన్ని సూట్‌కేసులో దాచకముందే నాలుగు తెలుగు మాటలు చెప్పించవలసిందిగా విన్నపం.

ఆర్యా,

తమరు క్షేమమని తలుస్తాను. ఇప్పటికైతే మేమూ క్షేమమే. విమానం ఎక్కాక మాత్రం మా క్షేమం సగం తమరి చేతుల్లోనూ, సగం మా పక్క సీటాయన పెట్టెలోనూ ఉంటుంది. ఆ రెండో సగం గురించే ఈ లేఖ.

వేప్‌ను నిషేధించారని అలిగి రాస్తున్నవాణ్ని కాను. బీడీ, చుట్ట, సిగరెట్, ఈ-సిగరెట్, నాకు ఏ అలవాటూ లేదు. పీల్చే హక్కు కోసం ధర్నాకు కూర్చునే ఉద్దేశం అసలే లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చారు, డిసెంబరుకల్లా చట్టం చేశారు, పిల్లల ఊపిరితిత్తులు బాగుండాలన్నారు. సంతోషం. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన, అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఆ జాబితాలో పీల్చడం మాత్రం లేదు. తయారుచేసేవాడు, మోసుకొచ్చేవాడు, అమ్మేవాడు దొంగలు. ఈ ముగ్గురి చేతులూ దాటి నోటిదాకా వచ్చాక మాత్రం చట్టం మొహం పక్కకు తిప్పుకుంటుంది. ఆ చమత్కారం పార్లమెంటు వారిది, తమరి మీద నెట్టను.

తమరితో పేచీ వేరే ఉంది. డాలస్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాదు వచ్చే మన కుర్రాణ్ని తీసుకోండి. డాలస్‌లో 21 ఏళ్లు నిండినవాడు వేప్‌ను దుకాణంలో దర్జాగా కొనుక్కోవచ్చు. దుబాయ్‌లో 2019 నుంచి అమ్మకానికి అనుమతి ఉంది. శంషాబాద్‌లో దిగీదిగగానే అది దిగుమతి నేరం. టికెట్టు ఒకటే, వస్తువూ అదే. డాలస్‌లో సరుకు, దుబాయ్‌లో సరదా, శంషాబాద్‌లో సాక్ష్యం.

ఈ సంగతి కుర్రాడికి ఎప్పుడు తెలుస్తుంది? పెట్టె సర్దుకునే రాత్రి, రూమ్మేటు నోటి ద్వారా. ‘హ్యాండ్ బ్యాగులో పెడితే స్కానర్‌లో పట్టేస్తార్రా, పెద్ద పెట్టెలో పడెయ్’ అంటాడు వాడు. వీడు దాన్ని సాక్సులో చుట్టి, ఆ సాక్సును బూటులోకి తోసి, బూటును జీన్స్ మడతల మధ్య కుక్కి, పైన అమ్మకు విటమిన్ సీసాలు, పిన్నికి చాక్లెట్లు, నాన్నకు బాదంపప్పు పరిచి, తూకం చూసుకుని, ‘హమ్మయ్య’ అని జిప్పు లాగేస్తాడు. ప్రపంచంలో ఏ విమానయాన సంస్థను అడిగినా ఏ చోట మాత్రం వద్దని మొత్తుకుంటుందో, సరిగ్గా అక్కడే పెట్టాడు.

కారణం తమరికి తెలుసు, కానీ మాకు చెప్పలేదు. అందుకని మా భాషలో నేనే చెబుతున్నాను, తప్పుంటే దిద్దండి. పవర్ బ్యాంకు పని కరెంటు ఇవ్వడం. వేప్ పని వేడి పుట్టించడం. మీట నొక్కితే లోపలి తీగచుట్ట క్షణాల్లో 200 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చేతిలో ఉంటే మనిషి వేలు తీస్తాడు, ఆగిపోతుంది. పెట్టెలో ఆ మీటను నొక్కేది వేలు కాదు, బూటు మడమ. బూటు మడమకు వేలు తీయాలని తోచదు. ఇక మీటే లేని రకాలున్నాయి, పీల్పును పసిగట్టి తమంతట తామే వెలిగేవి. వాటిలో చాలావాటిని ఆపివేద్దామంటే స్విచ్చే ఉండదు.

తీగ సంగతి అలా ఉంచితే, లోపల లిథియం సెల్ ఉంది. దెబ్బ తగిలో, షార్టయ్యో అది కాగడం మొదలుపెడితే, ఆ కాకే లోపలి రసాయనాలను రెచ్చగొట్టి ఇంకా కాక పుట్టిస్తుంది. విమానం కింది అరలో మంటలార్పడానికి వాడే హాలాన్ వాయువు పైకి లేచిన మంటను అణుస్తుంది గాని, సెల్ లోపలి కాకను చల్లార్చలేదు. అదే ప్రమాదం క్యాబిన్‌లో జరిగితే పక్కనున్నవాడు కేక వేస్తాడు, సిబ్బంది పరుగున వచ్చి మంట ఆర్పి, నీళ్లు గుమ్మరించి చల్లబరుస్తారు. కింద కేక వేసేవాడు లేడు, నీళ్లు పోసేవాడూ లేడు. చేతి సంచిలో ఉండాలి, పెట్టెలో ఉండకూడదు అన్న నియమం వెనక ఉన్నదంతా ఇంతే.

ఇది ఊహ కాదు. 2014 ఆగస్టులో బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో, కింది అరలో ఉన్న ఒక ప్రయాణికుడి పెట్టె వేప్ వల్ల అంటుకుంది, విమానంలోని జనాన్ని దించేయవలసి వచ్చింది. 2015 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో మరో పెట్టె కాలింది. ఆ పెట్టె వేరే విమానంలోంచి ఆలస్యంగా వచ్చి, ఎక్కవలసిన విమానం తప్పిపోయి నేల మీద మిగిలిపోయింది. లగేజీ ఆలస్యమైందని ఇంత ఆనందించిన సందర్భం విమానయాన చరిత్రలో ఇంకొకటి ఉంటుందనుకోను. ఆ ఏడాది జూన్‌లోనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చెకిన్ లగేజీలో ఈ-సిగరెట్లను పూర్తిగా నిషేధించింది, విమానంలో వాటిని చార్జింగ్ పెట్టడాన్నీ నిషేధించింది. అంటే పెట్టెలో వద్దన్న మాట హైదరాబాదులోనూ హ్యూస్టన్‌లోనూ ఒక్కటే, ఎందుకంటే బ్యాటరీకి పాస్‌పోర్టు లేదు. అసలు ఉండవచ్చా లేదా అన్న మాటే దేశానికొకటి. థాయిలాండ్ 2014 నుంచి దిగుమతి నిషేధించింది. సింగపూర్‌లో 2018 ఫిబ్రవరి నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం. మాల్దీవులు 2024 నవంబరులో దిగుమతిని, డిసెంబరులో వాడకాన్ని ఆపేశాయి. సెలవులకు మనవాళ్లు ఎగబడేవి సరిగ్గా ఈ మూడు చోట్లకే.

అయ్యా, తమరి బోర్డులో ఈ రెండు నియమాలూ కలిసిపోయాయి. కౌంటరు దగ్గర కత్తి, తుపాకీ, గ్యాస్ సిలిండరు, టపాకాయలు, వాటి సరసన వేప్ బొమ్మ, అన్నిటి మీదా ఒకే ఎర్రగీత. ఆ గీత ‘దొరికితే పట్టుకుంటాం’ అంటోంది. ‘పెట్టెలో పెడితే కాలిపోతాం’ అనడం లేదు. మొదటి మాట విన్నవాడు దాస్తాడు, రెండో మాట విన్నవాడు బయటకు తీస్తాడు. దాచమని తమరు చెప్పలేదు, నిజమే. దాచడం తప్ప వాడికి ఇంకో దారీ చూపలేదు.

పొగ తాగేవాడు మాట వింటాడని నమ్మకూడదని విమానాలకు ముందే తెలుసు. 1973 జులై 11న రియో నుంచి పారిస్ వస్తున్న వారిగ్ విమానంలో టాయిలెట్ చెత్తబుట్ట దగ్గర నిప్పు రాజుకుంది. ఓర్లీ విమానాశ్రయానికి కాస్త దూరంలో పొలాల్లో దింపేలోగా పొగ కమ్మేసి, మొత్తం 123 మంది చనిపోయారు. ఆర్పని సిగరెట్టు కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. ఆ మరుసటి ఏడు అమెరికా విమానయాన శాఖ టాయిలెట్ల దగ్గర యాష్‌ట్రే ఉండి తీరాలంది. ఈ రోజుకీ సరికొత్త విమానంలో టాయిలెట్ తలుపు మీద ‘పొగ తాగరాదు’ అన్న బొమ్మా, దాని దగ్గరే యాష్‌ట్రే కలిసి కాపురం చేస్తున్నాయి. చూసి నవ్వేవాళ్లున్నారు. నాకైతే విమానయానం మొత్తంలో అంతకన్నా తెలివైన వస్తువు కనబడలేదు. తప్పు చేయవద్దు అంటుంది, చేస్తే మాత్రం ఆ నిప్పును చెత్తలో వేయకుండా నాలో వెయ్యి అంటుంది. శిక్ష పడేది పడుతుంది, విమానం మిగులుతుంది.

వేప్‌తో నిప్పు లేదు కదా, టాయిలెట్‌లో ఒక్క పీల్పు పీలిస్తే పోయేదేముంది అనేవారికి ఒక కథ. 2018 జులై 10న హాంకాంగ్ నుంచి దాలియన్ వెళ్తున్న ఎయిర్ చైనా విమానంలో కోపైలటే కాక్‌పిట్‌లో వేప్ ముట్టించాడు. ఆవిరి ప్రయాణికుల వైపు పోకుండా గాలి తిప్పే ఫ్యాన్ ఆపబోయి, పొరపాటున పక్కనున్న ఏసీ స్విచ్చులు కట్టేశాడు. క్యాబిన్‌లో గాలి పలచబడింది, ఆక్సిజన్ మాస్కులు ఊడిపడ్డాయి, 35 వేల అడుగుల ఎత్తున పోతున్న విమానాన్ని గబగబా 10 వేల అడుగులకు దించారు. లోపల 153 మంది ప్రయాణికులు. చట్టం, శిక్షణ, యూనిఫారం అన్నీ ఉన్నవాడే అంత పని చేస్తే, బూటులో వేప్ దాచుకున్న ఇరవైరెండేళ్లవాడి దగ్గర మనం ఎంత వివేకం ఆశించాలి? పైగా టాయిలెట్‌లోని పొగ పసిగట్టే పరికరానికి పొగాకుకూ, పళ్ల వాసన ఆవిరికీ తేడా తెలియదు, రెంటికీ ఒకే గోల చేస్తుంది. ఆ తర్వాత పోలీసులు, ఆపైన తమరి శాఖ ప్రయాణ నిషేధ జాబితా.

మాకు అర్థమయ్యేట్టు చెప్పడం తమరికి చేతకాదని నేననను. 2024 అక్టోబరులో శబరిమల వెళ్లే స్వాముల ఇరుముడిలోని కొబ్బరికాయను తనిఖీ చేసి క్యాబిన్‌లోకి అనుమతిస్తామన్నారు. అది తెలియని గురుస్వామి మా వైపు లేడు. అంతకుముందు ఎండు కొబ్బరిని చెకిన్ లగేజీలో వద్దన్నప్పుడు మాత్రం అలా చెప్పలేదు. పెళ్లికి తీసుకెళ్తున్న కుడుకలను కౌంటరులో తీసి పక్కన పెట్టమంటే పెద్దావిడ దెబ్బలాడుతుంది, దేవుడి సామానుకు కూడా దిక్కులేదా అంటుంది. నూనె దట్టంగా పట్టిన ఆ కుడుక తనంతట తానే వేడెక్కి అంటుకోగలదని ఒక్క ముక్క చెప్పిచూడండి. ఆవిడే తీసి అవతల పెడుతుంది, వెనక వరసలో ఉన్న వియ్యపురాలి చేత కూడా తీయిస్తుంది. మావాళ్లు మొండివాళ్లు కారు, కారణం చెప్పనివాడి మాట వినరు, అంతే.

కాబట్టి తమరికి మా మనవి ఇది. శంషాబాద్, గన్నవరం, విశాఖ, రేణిగుంట కౌంటర్ల దగ్గర ఎర్రగీత బొమ్మ కింద తెలుగులో రెండు వాక్యాలు రాయించండి: ‘వేప్ మన దేశంలో నిషిద్ధం. పొరపాటున ఉంటే పెట్టెలో మాత్రం ఉంచకండి, విమానం అంటుకుంటుంది.’ చెకిన్‌కు ముందే, ప్రశ్నలు లేకుండా వేసిపోయే డబ్బా ఒకటి పెట్టించండి. అది ప్లాస్టిక్ చెత్తబుట్ట కాకూడదు, లోపల పడేది బ్యాటరీ గనుక మంట తట్టుకునే ఇనప డబ్బా కావాలి. చట్టాన్ని సడలించమనడం లేదు. వస్తువు ఎలాగూ పోతుంది, భయం కూడా పోతే అది పెట్టెలోంచి బయటకొస్తుంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు బయల్దేరే ముందు రోజే విమాన సంస్థల చేత ఆ రెండు వాక్యాలూ ఫోనుకు పంపించండి. సీటు అమ్మడానికి, భోజనం అమ్మడానికి, కాళ్లు చాపుకునే జాగా అమ్మడానికి పంపే సందేశాల మధ్య దానికి చోటు దొరక్కపోదు.

తమరు ఇవన్నీ చేసేలోగా, ఈ ఉత్తరం చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు అక్కడ పెట్టె సర్దుతున్నప్పుడు వీడియో కాల్‌లో ‘ఎన్ని కిలోలైంది’ అని ఎలాగూ అడుగుతారు. వేప్ ఉందా అని కూడా అడగండి. తిట్టకుండా అడగండి, తిడతారనే కదా వాడు దాచేది. ఉంటే అక్కడే వదిలేసి రమ్మనండి.

ఇట్లు,
అరైవల్స్ గేటు దగ్గర నిలబడి ఎదురుచూసే బంధువర్గం తరఫున,
తమ విధేయుడు