బాణం గుర్తు సారు

ఆయన ఉండేది మదనపల్లెలో. పొద్దున పదికి పుంగనూరు హార్డ్‌వేరు షాపులో ఉంటాడు, పదింబావుకు కుప్పం గ్రానైటు యార్డులో తేలతాడు, అదీ లుంగీ మార్చకుండా. క్లయింట్లలో సగం మంది ఆయన మొహం చూసి ఏళ్ళయింది. వాళ్ళకు తెలిసిన సారు ఒక బాణం గుర్తు. ఎవరూ మౌసు ముట్టకుండానే స్క్రీను మీద ఆ బాణం కదిలిందంటే, "సారొచ్చినాడు, లెయ్‌రా" అని యజమాని కుర్రాణ్ణి కుర్చీలోంచి లేపేస్తాడు. కుర్చీ ఖాళీగా ఉంటుంది. సారు పని చేసుకుంటూ ఉంటాడు.

ఇలాంటి సారు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఒకడున్నాడు. బీకాం చదివి, ఆడిటరు దగ్గర గుమాస్తాగా అరిగి, లెక్కల సాఫ్ట్‌వేరు టాలీ నేర్చి, 2017 జూలై 1న జీఎస్టీ రాగానే మేడ మీద గది బాడుగకు తీసుకుని 'ట్యాక్స్ కన్సల్టెంట్' అని బోర్డు కట్టినవాడు. మన సారుది ఒకటే దిగులు. ఆసియాలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి ఆయన ఊళ్ళోనే ఉంది, పచ్చి టమోటాకేమో జీఎస్టీ లేదు. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటి మండీలు కళకళలాడుతుంటే, "అయిదు శాతమన్నా ఏసింటే ఏం పోయింది?" అని బాల్కనీలో నిలబడి ప్రభుత్వాన్ని తిట్టుకున్నాడు.

సొంతూరు ఆదిలోనే చెయ్యివ్వడంతో అప్పుడే పొరుగూళ్ళ మీద పడ్డాడు. మొదట్లో బస్సుల్లోనే తిరిగేవాడు. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి షాపతను తాళమేసి భోజనానికి పోయుండేవాడు. ఆ తర్వాత, దూరం నుంచే ఇంకొకరి కంప్యూటరు నడిపే ఎనీడెస్క్ దొరికింది. బస్సు చార్జీలు మిగిలాయి. గొంతు మాత్రం మిగల్లేదు.

"స్క్రీను మీద తొమ్మిదంకెల నెంబరుంటాది, చెప్పప్పా."

కుర్రాడు ముందు జీఎస్టీ నెంబరు చదువుతాడు. అది కాదంటే యజమాని సెల్ నెంబరు చెప్తాడు. మూడోసారికి అసలుది దొరుకుతుంది.

"ఇప్పుడు యాక్సెప్ట్ నొక్కు."

"నొక్కినా సార్."

"ఏం రాలేదే?"

"కరెంటు పాయ సార్."

ఎనీడెస్క్‌కు ముందు కొన్నాళ్ళు అలాంటిదే అయిన టీమ్‌వ్యూయర్‌తో నెట్టుకొచ్చాడు. అది జర్మనీ కంపెనీది, ఇంటి అవసరాలకైతే ఉచితం. సారు రోజుకు పాతిక షాపుల్ని ఇల్లుగానే భావించి వాడుకున్నాడు. వ్యాపారమని అనుమానమొచ్చి అది మధ్యలోనే తెగిపోవడం మొదలెట్టింది. "నేను వ్యాపారం చేస్తాండేది మా మామకే నమ్మకం లేదు, జర్మనీలో వాళ్ళకెట్ల తెలిసిందబ్బా!" అని ఆశ్చర్యపోయాడే గానీ లైసెన్సు కొనలేదు.

2019 ఫిబ్రవరిలో ఇంకో గండమొచ్చింది. మోసగాళ్ళు ఎనీడెస్క్ ఎక్కించమని చెప్పి ఖాతాలు ఊడ్చేస్తున్నారని రిజర్వు బ్యాంకు బ్యాంకుల్ని హెచ్చరించింది. బెంగుళూరులో చదివే పుంగనూరు షాపు యజమాని కొడుకు ఆ వార్త చూసి, "ఎవురడిగినా యాక్సెప్ట్ నొక్కద్దు" అని ఇంటికి ఫోన్ చేశాడు. ఆ తర్వాతి నెల ఇరవయ్యో తేదీ రాత్రి, నెలవారీ జీఎస్టీ రిటర్ను త్రీబీ గడువుకు రెండు గంటల ముందు, సారు బతిమాలాడు.

"నేనేమన్నా దొంగనా అన్నా?"

"మిమ్మల్ని అనలేదు సార్. దొంగోడు గూడా ఇట్లే మర్యాదగా అడుగుతాడంట."

ఆలస్య రుసుం రోజుకు యాభై రూపాయలు అనేసరికి మర్యాద కుదిరింది.

కుప్పం క్లయింటుది వేరే ధోరణి. హెచ్‌పీ కంపెనీ 2002లో ఐ-కమ్యూనిటీ పేరుతో ఆ ప్రాంతంలో కంప్యూటరు కేంద్రాలు పెట్టింది. ఆ గర్వం ఆయనకింకా దిగలేదు. "కంప్యూటర్లు మాకేం కొత్తగాదు సార్, మీకంటే ముందే చూసినాం" అని పది నిమిషాలు చెప్పి, "అవునుగానీ, దీన్ని ఆన్ చేసేది యాడ?" అంటాడు.

ఈ బాధలన్నిటికీ క్లౌడే మందని సారుకు తోచింది. టాలీనీ లెక్కల్నీ సర్వర్లో పెట్టేస్తే, షాపువాళ్ళు షాపులోంచే చూసుకోవచ్చు, తాను మేడ మీద నుంచే రాసుకోవచ్చు. తొమ్మిదంకెలు అడగక్కర్లేదు, యాక్సెప్ట్ నొక్కించక్కర్లేదు. ఈ మాటే పుంగనూరు అన్నకు చెప్పాడు.

"టాలీ దుడ్లిచ్చి కొన్న్యాం గదా సార్. కొన్నదాన్ని పెట్టుకునేకి మళ్ళీ నెలనెలా బాడుగా?"

"లెక్కలు భద్రంగా ఉంటాయన్నా."

"యాడుంటాయి?"

"ముంబైలో."

"మా తమ్మునికే సూపీని లెక్క, ముంబైలో పెడతావా?"

వాదనతో కాని పని హార్డ్‌డిస్కు చేసిపెట్టింది. సంవత్సరాఖరున అది చచ్చిపోయింది. బ్యాకప్ ఉండాల్సిన పెన్‌డ్రైవ్‌లో కుర్రాడు పుష్ప సినిమా ఎక్కించుకున్నాడు. కొనుగోళ్ళు, అమ్మకాలు, అప్పులు అన్నీ పోయి ఎర్రచందనం మిగిలింది. ఆ దెబ్బకు పుంగనూరు అన్న క్లౌడెక్కాడు. కబురు తెలిసి కుప్పమూ ఎక్కింది.

సారుకు స్వర్గం దొరికింది. ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, ఎవరి కరెంటుతోనూ పనిలేకుండా, త్రీబీలు గడువుకు ముందే తయారు. చివర్లో దాఖలుకు ఓటీపీ ఒక్కటి అడిగితే సరి. రెండు నెలలు హాయిగా గడిచాయి. మూడో నెల వచ్చినా ఫీజు మాత్రం రాలేదు. పుంగనూరు అన్నకు ఫోన్ చేశాడు.

"ఏమన్నా, ఫీజు మర్సిపోయినట్టుండారే?"

"పనే చేయలేదు గదా సార్, ఫీజేంది?"

"రిటర్న్‌లన్నీ ఏసేసినా గదన్నా!"

"ఎప్పుడేసినారు? రెండు నెల్లుగా మా స్క్రీను మీద బాణమే కదల్లా. మీకు ఒళ్ళు బాగలేదేమో అనుకున్న్యాం."

సారు వాదించలేదు. మనిషి పడే పాటు కంటికి కనిపిస్తేనే దానికి కూలి కడతారని, గుమాస్తాగా ఉన్న రోజుల్లోనే ఆయనకు తెలుసు. ఆ సాయంత్రమే రెండూళ్ళకూ ఫోన్ చేసి మళ్ళీ తొమ్మిదంకెలు అడిగాడు. లోపలికెళ్ళి టాలీ తెరిచాడు, మూశాడు. క్యాలిక్యులేటర్ తీసి ఏవో కూడాడు. బాణాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు ముప్పావుగంట పరుగులు పెట్టించాడు.

రాత్రి ఎనిమిదికి ఫోన్‌పేలో రెండు నెలల ఫీజూ ఒక్కసారే పడింది. వెనకాలే కుప్పం నుంచి ఫోన్: "ఈరోజు శానా కష్టపడినారు సార్. పోయి అన్నం తినండి."