బావోక్తి: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక

శుక్రవారం మధ్యాహ్నం. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మార్నింగ్ షో వదిలారు. ఆ జనంలోంచి బండి బయటికి లాగడానికి తంటాలు పడుతున్న ఒక బావను, రాజమండ్రిలో ఉన్న బామ్మర్ది ‘బావా, ఎలా ఉంది బొమ్మ?’ అని వాట్సాప్‌లో అడిగాడు. దానికి బావ ఇచ్చిన జవాబే ఈ గ్రంథం. బావ తెలుగు, ఉక్తి సంస్కృతం, రెంటినీ కలిపితే వైరి సమాసం కదా అని పండితులు మూతి ముడుస్తారు. బావల విషయంలో వైరి సమాసం దోషం కాదు.

మన మెదకు సీమవాడైన కొలచాల మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. అక్కడున్నది కాళిదాసు కాబట్టి ఆ మాట చెల్లింది. ఇక్కడ అదే నియమం పెట్టుకుంటే రెండో పుటకు పని ఉండదు.

శాస్త్రగ్రంథానికి ముందు అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం: సినిమా. (అలా అనిపిస్తుంది. తర్వాత ఖండిస్తాం.) ప్రయోజనం: టికెట్టు డబ్బులు మిగలడం. సంబంధం: బావా బామ్మర్దుల సంబంధం. అధికారి: మొదటి ఆట చూసినవాడు. ఈ చివరిదాని మీద వివాదం ఉంది. అమెరికాలో ప్రీమియర్లు ఒకరోజు ముందే పడతాయి. డాలస్‌లో గురువారం సాయంత్రం ఆట వదిలేటప్పటికి ఇక్కడ శుక్రవారం తెల్లవారుతుంది. కాబట్టి అసలు అధికారి డాలస్ తోడల్లుడని ఒక వర్గం వాదన. అయితే ఆయన ఎక్కువ డాలర్లు పోసి చూశాడు గనక ఆయన నోటికి నిష్పక్షపాతం రాదని మా సంప్రదాయం.

మూలము

‘ఫస్టాఫ్ ఓకే బామ్మర్దీ. సెకండాఫ్ కొంచెం ల్యాగ్. బీజీఎం మాత్రం అదిరింది. అయినా ఒకసారి చూడొచ్చు. 2.75.’

ప్రతిపదార్థము

బామ్మర్దీ = ఓ భార్యాసోదరుడా; ఫస్టాఫ్ = విశ్రాంతికి ముందరి భాగము; ఓకే = నిద్ర రానీయనట్టిది; సెకండాఫ్ = విశ్రాంతి పిమ్మటి భాగము; కొంచెం = మిక్కిలి; ల్యాగ్ = సాగుడు; బీజీఎం = తెర వెనుకనుండి వినవచ్చు వాద్యఘోష; మాత్రం = తక్కినవేవియు కావనుట; అదిరింది = (కుర్చీయు చెవియు) కంపించెను; అయినా = ఇంత చెప్పిన పిమ్మటను; ఒకసారి = రెండవమాఱు వలదనుట; చూడొచ్చు = చూచుటకు చట్టము అడ్డు రాదు; 2.75 = పావు తక్కువ మూడు.

తాత్పర్యము

ఓ మఱదీ! ఈ చిత్రమున పూర్వభాగము సహింపదగినది. ఉత్తరభాగమున నేను ఫోను చూచుకొంటిని. సంగీతదర్శకుడు తన పాలి పని తాను చేసెను. నా రూకలు పోయినవి. నీవి నీ యిష్టము.

విశేషములు

ఇంటర్వెల్ లేని చోట ఫస్టాఫ్ సెకండాఫ్ అనే భేదమే పుట్టదు. హాలీవుడ్ సినిమా మన హాల్లోకి వస్తే, మాట్లాడుతున్నవాడి మాట సగంలో నరికి అయినా ఇంటర్వెల్ కార్డు వేస్తారు. అది పడితేనే మన ప్రేక్షకుడికి ఫస్టాఫ్ ఎలా ఉందో చెప్పే హక్కు వస్తుంది. కొన్ని ప్రతుల్లో ‘ఓకే ఓకే’ అని పాఠాంతరం కనిపిస్తుంది. తెలుగులో మాట రెట్టిస్తే అర్థానికి బలం వస్తుంది. ఓకేను రెట్టిస్తే సగమవుతుంది. 1858లో బాలవ్యాకరణం అచ్చు వేసిన చిన్నయసూరికి ఈ ఆమ్రేడితం తగల్లేదు.

ల్యాగ్ అంటే నిడివి అని కొందరు. అది పొసగదు. 1957 నాటి మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది. అందులో ల్యాగ్ ఉందన్నవాణ్ణి నేనైతే చూడలేదు. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ కూడా మూడు గంటలు దాటినదే. కాబట్టి ల్యాగ్‌కు గడియారంతో పని లేదు. ప్రేక్షకుడి చెయ్యి తనకు తెలియకుండా జేబులోకి పోయి ఫోను తీసిన క్షణం నుంచి ల్యాగ్ మొదలు. అది సాధారణంగా ఫ్లాష్‌బ్యాక్‌లో జరుగుతుంది. ‘కొంచెం’ అనేది మర్యాద కోసం వేసిన అవ్యయం. ముప్పావుగంట దాకా దాన్ని కొంచెమనే అంటారు. అది దాటితే ‘చంపేశాడు’ అనే క్రియ వస్తుంది.

‘బీజీఎం మాత్రం’ అన్నచోట అలంకారం పరిసంఖ్య. ఒకచోట ఉందని చెప్పి మిగతాచోట్ల లేదని తెలియజేయడం దీని లక్షణం. బీజీఎం మాత్రం అదిరిందంటే కథ అదరలేదు, మాటలు అదరలేదు, నటన అదరలేదు, విలన్ అసలే అదరలేదు. కెమెరా బాగుంది, లొకేషన్లు బాగున్నాయి అనేవీ ఈ కుటుంబం మాటలే. ఈ పొగడ్తల్లో ఎడిటర్‌కు వాటా ఉండదు. ల్యాగ్ పాపం మాత్రం మొత్తం ఆయన ఖాతాలో వేస్తారు.

ఇప్పుడు ‘ఒకసారి చూడొచ్చు’. గ్రంథానికి ఆయువుపట్టు ఇదే. కాస్త నిలబడదాం.

పైకి కనిపించే అర్థం విధి: వెళ్లి చూడు. లోపలి అర్థం నిషేధం: వెళ్లకు. విధి వాచ్యమై నిషేధం వ్యంగ్యమవడం బావ కనిపెట్టిన విద్య కాదు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరపండితుడు ఆనందవర్ధనుడు ధ్వని గురించి రాస్తూ ఇందుకు ఉదాహరణగా తెచ్చుకున్న ప్రాకృత గాథ ఎక్కడిదనుకున్నారు? హాలుడు కూర్చిన గాథాసప్తశతిలోది. అందులో ఒకామె గోదావరి గట్టున ప్రియుణ్ణి కలుసుకునే పొదరింటి వైపు ఒక ధార్మికుడు రోజూ పూలకు వస్తుంటాడు. ఒక కుక్క అతన్ని బెదిరిస్తుంటుంది. ఇక నిశ్చింతగా తిరగవయ్యా, ఆ కుక్కను గోదావరి పొదల్లో ఉండే సింహం చంపేసింది అని ఆమె అతనికి చెబుతుంది. తిరగమని చెప్పింది. విన్నవాడు మళ్లీ ఆ వైపు తొంగిచూడడు. బావ చేసిందీ ఇదే. ‘సెకండాఫ్ కొంచెం ల్యాగ్’ అని ముందు సింహాన్ని చూపించి, తర్వాత ‘చూడొచ్చు’ అని దారి చూపించాడు. బామ్మర్ది ఉండేదీ గోదావరి గట్టునే కాబట్టి ఈ సంప్రదాయం అతనికి కొత్త కాకూడదు.

ఇందులో ఒక శంక. చూడొద్దని సూటిగా చెబితే ఏం పోతుంది? పోతుంది. చూడొద్దంటే బావ తన డబ్బులు దండగ చేసుకున్నాడని ఒప్పుకున్నట్టు. తప్పక చూడమంటే రేపు బామ్మర్ది డబ్బులకు పూచీ పడ్డట్టు. పెద్ద సినిమాలకు టికెట్టు ధర పెంచుకోండని ప్రభుత్వాలు జీవోలు ఇచ్చిన రోజులు చూశాక, నలుగురున్న ఇంటికి పూచీ పడటం చిన్న విషయం కాదు. పాప్‌కార్న్ లెక్క వేరు. అటు పరువు, ఇటు పూచీ, రెండూ తప్పించుకుపోయే సందు ‘ఒకసారి’. ‘ఓటీటీలో ఒకసారి చూడొచ్చు’ అని పాఠాంతరం ఉంది గాని అందులో ధ్వని లేదు. అది తిట్టు.

ఇక సంఖ్య. అంకెలతో రసం కొలవడం ఇంటర్నెట్ తెచ్చిన జాడ్యమని పెద్దలు విసుక్కుంటారు. తరగతులు కట్టడం మన ఇంటి విద్యే. కావ్యాలను ఆలంకారికుడు మమ్మటుడు ఉత్తమం, మధ్యమం, అధమం అని మూడు చేశాడు. మన కోనసీమ ముంగండ పండితుడు జగన్నాథ పండితరాయలకు మూడు చాలలేదు. పైన ఉత్తమోత్తమం అని ఒకటి చేర్చి నాలుగు చేశాడు. మన వెబ్‌సైట్లు అయిదు మార్కులను పావుల చొప్పున కోశాయి. సున్నా నుంచి లెక్కపెడితే 21 మెట్లు. లెటర్‌బాక్స్‌డ్‌లో సగం చుక్కకన్నా చిన్న ముక్క దొరకదు. ఐఎండీబీలో మార్కు వేసేవాడు ఒకటి నుంచి పది దాకా పూర్ణాంకమే వెయ్యాలి. పావు దగ్గర ఆగి ఆలోచించేది మనమే. 21 మెట్లున్నా బావల కాళ్లు తిరిగేది రెండుంపావు నుంచి మూడుంపావు దాకానే. ఆ కిందా ఆ పైనా ఉన్నవాటిని పండగలప్పుడు, పగలున్నప్పుడు వాడతారు.

2.75ను నూటికి కడితే 55. సెకండ్ క్లాసు. ఇంట్లో ఏడవక్కర్లేదు, వీధిలో మిఠాయి పంచక్కర్లేదు. మూడు వేస్తే పోస్టరు మీదికి ఎక్కుతుంది, రేపు ఎవరైనా దాన్ని చూపించి నిలదీస్తారు. రెండున్నర వేస్తే ఆ హీరో అభిమాని అయిన మేనల్లుడు పండక్కి ఇంటికి రాడు. ఆ మధ్యనున్న పావు మీద బంధువర్గమంతా శాంతిగా బతుకుతోంది. నన్నడిగితే 2.75 సినిమాకు వేసిన మార్కు కాదు, మేనల్లుడికి వేసిన పీట.

అవతారికలో విషయం సినిమా అని చెప్పి, ఖండిస్తామన్నాం కదా. అదే మధ్యాహ్నం అదే బావ అదే సినిమా గురించి ఇంకో నలుగురికి చెప్పిన వాచకాలు మా పరిశోధనలో దొరికాయి. భార్యతో: ‘ఎందుకు పోయానా అనిపించింది.’ ఆ హీరో అభిమాని అయిన మిత్రుడితో: ‘మీవాడు ఇరగదీశాడు బాసూ, డైరెక్టరే ముంచేశాడు.’ అత్తగారితో: ‘బాగుందండి అత్తయ్యగారూ, ఇంటిల్లిపాదీ చూడొచ్చు, ఒక్క పాటప్పుడు మీరు కళ్లు మూసుకుంటే సరి.’ ఆఫీసులో పైవాడితో, ఆయన అభిప్రాయం తెలిసేదాకా: ‘డివైడ్ టాక్ సార్.’

వీటిలో ఏది అసలు మూలం, ఏది ప్రక్షిప్తం? పాశ్చాత్య పరిష్కర్త అయితే బామ్మర్దికి చెప్పినదానితో కలిపి అయిదూ పక్కపక్కన పెట్టి సరిపోల్చి, అన్నిటికీ తల్లి ప్రతి ఒకటి ఉంటుందని వెతుకుతాడు. అది దొరకదు. వ్యంగ్యార్థం పుట్టడానికి మమ్మటుడు చెప్పిన కారణాల్లో మొదటిది మాట్లాడేవాడు, రెండోది వినేవాడు. ఆ తర్వాత కాకువు, పక్కన ఇంకెవరుండటం, సందర్భం, చోటు, కాలం వంటివి. ఆ పట్టికలో సినిమా లేదు, ఉండాల్సిన పనీ లేదు. బావ అబద్ధమాడలేదు. అత్తగారికి ఆ సినిమా నిజంగానే బాగుంటుంది. అభిమానికి నిజంగానే డైరెక్టరు ముంచాడు. వినేవాడు మారితే సినిమా మారుతుంది. కాబట్టి గ్రంథానికి విషయం బామ్మర్ది అని సిద్ధాంతం. కాకువు, అంటే గొంతు విరుపు, రాతలో పలకదు. అందుకే కొన్ని ప్రతుల చివర కన్నుగీటే బొమ్మ ఉంటుంది. మన ప్రతిలో అది లేదు. అప్పటికి బండి బయటికి వచ్చేసిందని ఊహ.

ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందు యూట్యూబ్ మైకుల దగ్గర చెప్పే అభిప్రాయాలను ఈ శాఖలో చేర్చలేదు. అక్కడ బోద్ధవ్యుడు, అంటే వినేవాడు, కెమెరా. దానికి మేనల్లుళ్లు లేరు, అందుకే అక్కడివాళ్లు అరుస్తారు.

కాలం గురించి ఒక మాట. 2010లో వచ్చిన ఖలేజా, ఆరెంజ్ రెండింటికీ అప్పట్లో బావలు వేసిన మార్కులు ఏమిటో వసూళ్లు చెప్పాయి. 2022 ఆగస్టులో పోకిరితో రీ-రిలీజుల తిరునాళ్లు మొదలయ్యాక, 2023లో ఆరెంజ్‌కు, 2025లో ఖలేజాకు హాళ్లలో జనం లేచి నిలబడి పాటలు పాడారు. అప్పుడు పెదవి విరిచినవాళ్లే ఇప్పుడు ‘కల్ట్’ అంటున్నారు, వాళ్లకు ఆ సంగతి గుర్తు చేస్తే కోపం. టీవీలో ఆదివారాలు పదే పదే వేసి ఖలేజాను బతికించారని నా నమ్మకం. రిమోటు చేతిలో ఉన్నప్పుడు ల్యాగ్ ఉండదు, టికెట్టు కొననప్పుడు లాజిక్కు అడగం.

ఉత్తరవాక్యము

మూలానికి అనుబంధంగా బామ్మర్ది పంపిన వాక్యం ఒకటి ఉంది: ‘సరే బావా. ఫస్ట్ షోకి నాలుగు తీశా.’

ధ్వని తెలిసినవాడు ఇలా రాయకూడదని ఆక్షేపణ. సమయం చూస్తే గుట్టు తెలుస్తుంది. టికెట్టు బుక్ అయినట్టు వచ్చిన సందేశం పదీ నలభైది. ‘ఎలా ఉంది బొమ్మ’ అని బావను అడిగింది రెండుంపావుకు. టికెట్లు తీసుకున్నాక అడిగే ప్రశ్నకు జవాబుతో పని లేదు. రాత్రి ఆట వదిలాక ఫోన్ చేసి వాదించడానికి అవతల ఒక మనిషి కావాలి. దానికి ముందే ఆ మనిషి చేత ఒక అంకె చెప్పించి పెట్టుకోవాలి.

రాత్రి తొమ్మిదిన్నరకు రెండో సందేశం వచ్చింది: ‘సెకండాఫే బాగుంది కదా బావా! బీజీఎం అయితే చెవులు పోయాయి. 3.’ దీనికి టీక బామ్మర్ది వైపు పండితులు రాసుకోవాలి.