నేను ఆ పిల్లాడి గ్రైండరుని

నేను టేబుల్‌మీద పెట్టుకునే చిన్న గ్రైండరుని. పుట్టింది కోయంబత్తూరులో, కాపురం అన్నూరులో. నాలో తిరిగే రాళ్లు ఊత్తుకుళి వైపువి. రోలుకు మోటారు తగిలించి మా జాతికి ప్రాణం పోసినవాడు పి. సభాపతి. అది 1955 మాట, ఈ కోయంబత్తూరులోనే. 2005–06లో కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న వంశంలో పుట్టిన నేను ఇన్నేళ్లలో ఒక్క వేరుశనగ గింజ రుబ్బలేదు. జీడిపప్పు నా గిన్నెలో పడలేదు. పాలచుక్క నన్ను తాకలేదు. నన్ను తెచ్చిందే అందుకు.

సత్యమంగళం వెళ్లే దారిలో ఉండే ఈ ఊళ్లో మా ఇంటివాళ్లు తెలుగువాళ్లు. విజయనగరం, మదురై నాయకుల కాలంలో ఇటు వచ్చి, నల్లరేగడిలో పత్తి వేసుకుని నిలబడిపోయిన కుటుంబాల వారసులు. వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. నేను రెండూ వింటూ తిరుగుతుంటాను.

ఇంటి పిల్లాడికి పాలు పడవు, జీడిపప్పు పడదు, వేరుశనగ పడదు. ఈ సంగతి తెలిసే ఒక బంధువుల గృహప్రవేశంలో వాడికని కొబ్బరిపాల పాయసం వేరుగా చేయించారు. పాయసంలో ఏ దోషమూ లేదు. పెద్ద గుండిగలో పాలపాయసం కలిపిన గరిటెతోనే వడ్డించారు. కాసేపటికి పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి అందలేదు. కోయంబత్తూరు ఆసుపత్రిలో తొడకు అడ్రినలిన్ సూది వేశాక తేరుకున్నాడు. అలర్జీవల్ల ఊపిరి ఆడకపోతే మొదట చేయాల్సిన వైద్యం అదే. దద్దుర్లకిచ్చే మాత్రలు ఆ పని చేయలేవు, వాటిని నమ్మి ఇంట్లో కూర్చోకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పారు.

ఇంటికొచ్చాక అవ్వ పాత గ్రైండరు ముందు నిలబడి కోడలితో అన్న మాట ఇదీ: "అమ్మిణీ, దీంట్లో ఏమేమి రుబ్బినామో మనకే గుర్తు లేదు. వీనికి వేరేది తెద్దాం." అలా నేను వచ్చాను. స్టీలు గిన్నెను సబ్బు పెట్టి తోమితే శుభ్రమవుతుంది. రాయి అలా కాదు. దాని సన్నని రంధ్రాల్లో, గుండ్లు తిరిగే ఇరుసు సందుల్లో పిండి దాక్కుంటుంది. తిని అరిగించుకునేవాళ్లకు అది లెక్కలోది కాదు. పడనివాడికి ఆ పిసరే చాలు.

అవ్వ వదలడానికి అన్నిటికంటే కష్టపడింది నెయ్యిని. "కాచి వడగట్టిన నేతిలో పాలెక్కడివి?" అని వాదించింది. పడనిది పాలలోని ప్రొటీను. ఎంత కాచినా అది కొంచెమైనా మిగలొచ్చు. గేదెపాలు, మేకపాలు తెచ్చినా లాభం లేదు, వాటి ప్రొటీన్లు ఆవుపాల వాటికి దగ్గరి చుట్టాలు. లాక్టోజు తీసేసిన పాలు కూడా వీడికి పనికిరావు, తీసింది చక్కెరను, ప్రొటీను అలాగే ఉంది. పాలు తాగితే కడుపుబ్బరం రావడం వేరు, అలర్జీ వేరు. ఈ రెండింటినీ ఒకటనుకునే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి.

అయితే తీపి ఎక్కడికీ పోలేదు. కొంగునాడు అనే ఈ కోయంబత్తూరు సీమలో సందగై ఎప్పటినుంచో ఉంది. ఉప్పుడు బియ్యం నానబోసి నాలో మెత్తగా, గట్టిగా రుబ్బి, ఇడ్లీల్లాగా ఆవిరిమీద ఉడికించి, వేడి వేడిగా అచ్చులో పెట్టి నొక్కితే సన్నని దారాలుగా దిగుతుంది. మీద కొబ్బరిపాలు, బెల్లప్పాకం, ఏలకుల పొడి. గోధుమ లేదు, పాలు లేవు, గుడ్డు లేదు, పప్పుగింజ లేదు. "అలర్జీ వంటకం" అని ఎవరూ పేరు పెట్టకముందే ఈ నేల దాన్ని వండుకుంది. పండుగ తీపిలోకి మైదా, పాలపొడి, జీడిపప్పు గుప్పిళ్లుగా వచ్చి పడ్డది ఆ తర్వాతే అని నా నమ్మకం.

రాగి హల్వా నాకు ఇంకా ఇష్టం. నానిన రాగులు, కొబ్బరి కలిపి రుబ్బుతారు. రుబ్బినదాన్ని గుడ్డలో వడగట్టి, దిగిన రాగి, కొబ్బరి పాలలో బెల్లం వేసి, అడుగంటకుండా చెయ్యి ఆపకుండా కలుపుతూ ఉడికించి, కొబ్బరినూనె రాసిన పళ్లెంలో పోసి ముక్కలు కోస్తారు. సామల పాయసానికి పలచటి రెండో కొబ్బరిపాలలో సామలు ఉడకబెట్టి, పొయ్యి దించాకే చిక్కటి మొదటి పాలు పోయాలి. మంటమీద మరిగితే విరిగిపోతాయి. జీడిపప్పు చోట కొబ్బరినూనెలో ఎర్రగా వేయించిన కొబ్బరి పలుకులు. పిల్లాడు వాటినే ముందు ఏరుకు తింటాడు.

కొబ్బరి కూడా గింజే కదా అని అమెరికాలో ఉన్న అత్త ఫోనులో భయపడింది. అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2025 జనవరిలో కొబ్బరిని జీడిపప్పులాంటి చెట్టుగింజల అలర్జీ జాబితానుంచి తీసేసింది. అయినా కొబ్బరి పడనివాళ్లు అరుదుగా ఉంటారు, అందుకే వీడికి కూడా డాక్టరును అడిగాకే మొదలుపెట్టారు. నువ్వులను మాత్రం 2023 నుంచి అక్కడి పొట్లాలమీద అలర్జీ పదార్థంగా రాయాల్సిందే. మన దేశపు 2020 నిబంధనల జాబితాలో పాలు, గుడ్లు, వేరుశనగ, చెట్టుగింజలు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఉన్నాయి, నువ్వులు లేవు. చిమ్మిలి, అరిసెలు తినే మన ఇళ్లకు ఇది తెలియాల్సిన సంగతి. పైగా ఆ రాత పొట్లానికే. తట్టలో పెట్టి తూచి అమ్మే మిఠాయిమీద అలాంటి అలర్జీ చీటీ ఉండదు.

పిండిమిల్లు సంగతి కూడా చెప్పాలి. ధాన్యాలు, పప్పులు కలిపి పట్టించే సత్తుమావు పిండి ఆడిన మరలోనే మన బియ్యమూ పోస్తారు. ఆ సత్తుమావులో బాదం, జీడిపప్పు, వేరుశనగ ఉంటాయి. అందుకే ఈ ఇంట్లో వీడి అరిసెలకు తడిబియ్యం ఇంట్లోనే పొడి చేస్తారు, దానికీ ఒక మిక్సీ జారు విడిగా ఉంది. వీడి గరిటెకు ఎర్ర దారం కట్టి నా పక్కనే వేలాడదీశారు. ఆ దారం చూసి పనిమనిషి కూడా దాన్ని వేరే గిన్నెలో ముంచదు.

మీ ఇంటికి పిల్లలు భోజనానికి వస్తే, తీపి పెట్టేముందు వాళ్ల అమ్మను అడగండి: "మీ వాడికి ఏమైనా పడదా?" ఆమె ఏదైనా పేరు చెబితే "కొంచెం తింటే ఏం కాదులే" అనకండి. వండిన గిన్నె, కలిపిన గరిటె, వేయించిన నూనె ఏవో ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. తినాలో వద్దో ఆమే చూసుకుంటుంది.