పదిహేడో నంబర్ మార్కర్ ఆత్మకథ

తన కథ తానే చెప్పుకుంటున్న ఈ మార్కర్ టిప్‌మన్ 98 రకానిది. అమెరికాలో ఓ అడవి అంచున, పెయింట్‌బాల్ మైదానంలోని అద్దె సామాను షెడ్డులో, పదిహేడో కొక్కెం దాని చోటు. చూసినవాళ్లంతా తుపాకీ అంటారు. మైదానం వాళ్లు మాత్రం మార్కర్ అనే అంటారు, కొత్తవాళ్ల చేతా అలాగే అనిపిస్తారు. ఆ పట్టుదల వెనక ఒక వంశచరిత్ర ఉంది.

ముత్తాత పేరు నెల్‌స్పాట్ 007. ఎయిర్‌గన్లు చేసే డెయిసీ సంస్థ దాన్ని మిషిగన్‌లోని నెల్సన్ పెయింట్ కంపెనీ కోసం తయారుచేసింది. కొట్టాల్సిన చెట్టు మీదా, మందలోంచి వేరుచేయాల్సిన పశువు మీదా దూరం నుంచే రంగు గుర్తు వేయడం దాని పని. ఆ పనిముట్టును ఆటలోకి తెచ్చింది ఒక వాదన. అడవిలో వదిలేస్తే నెగ్గుకొచ్చేది పల్లె మనిషా, నగరం మనిషా అని రచయిత చార్లెస్ గెయిన్స్‌కూ, న్యూయార్క్ షేర్ బ్రోకర్ హేస్ నోయెల్‌కూ మధ్య తెగని చర్చ. మిత్రుడు బాబ్ గర్న్‌సీ తోడయ్యాడు. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలోకి 12 మంది దిగారు, ఎవరికి వారే. ఒంటి మీద రంగు పడకుండా నాలుగు చోట్ల నుంచి జెండాలు పోగుచేసుకురావాలి. గెలిచినవాడు రిచీ వైట్ అనే ఫారెస్టర్. అతను ఒక్కసారి కూడా పేల్చలేదు.

ఆ పన్నెండు మందీ ఆ ఆటకు కొత్తవాళ్లే. ఈ మార్కర్‌కు ఆ సంగతి ఎంతో ఇష్టం. ఎందుకంటే శనివారం ఉదయం తనను అందుకునే చేతులన్నీ ఈ ఆటకు కొత్తవే, ఆ చేతులన్నీ రిచీ వైట్‌కు సరిగ్గా వ్యతిరేకంగా మొదలుపెడతాయి. విజిల్ మోగిందో లేదో చెట్లకూ పొదలకూ రంగు పూసేస్తాయి.

తొందరపడితే ఏమవుతుందో ఈ మార్కర్ కడుపుకే తెలుసు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు బలంతో లోపలి హ్యామర్ ముందుకు దూకి వాల్వును తడుతుంది. బయటికొచ్చిన గాలిలో కొంత రంగు బంతిని తోస్తుంది, కొంత హ్యామర్‌నే వెనక్కి నెట్టి మళ్లీ సిద్ధం చేస్తుంది. బ్యాటరీతో పనిలేదు. అయితే పైనున్న బంతుల డబ్బా, అంటే హాపర్‌లోంచి బంతి తన బరువుతో తానే కిందికి జారాలి. వేలు అంతకన్నా వేగంగా ఆడితే సగం దిగిన బంతిని బోల్టు నలిపేస్తుంది. గొట్టం నిండా రంగు అంటుకుంటుంది, తర్వాతి బంతులు ఇష్టమొచ్చినట్టు వంకర పోతాయి. ‘అద్దె మార్కర్ కదా, ఇంతే’ అని కొత్తవాళ్లు విసుక్కుంటారు. శుభ్రం చేసే స్క్వీజీ ఒకసారి లాగితే సరిపోతుందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ బంతి కూడా తెలుసుకోదగినదే. 0.68 అంగుళాలు, ఇంచుమించు గోలీ అంత. బరువు దాదాపు 3 గ్రాములు. చేపనూనె మాత్రల్లాగే పైన జెలటిన్ పొర, లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపిన రంగు. నీళ్లతో కడిగితే పోతుంది. ముత్తాత కాలం నాటి నూనె రంగుకైతే టర్పెంటైన్ కావాల్సి వచ్చేది. తడి తగిలితే ఈ బంతి ఉబ్బుతుంది, కాబట్టి నేల మీద పడ్డదాన్ని ఏరి మళ్లీ వేయకూడదు.

ఉదయం ఆట మొదలవకముందే ఈ మార్కర్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు నిలబడాలి. బంతి వేగం సెకనుకు 300 అడుగులు దాటకూడదు. చాలాచోట్ల 280 దగ్గరే ఆపేస్తారు. ఆ వేగంతో తగిలిన బంతి చర్మం మీద గుండ్రటి నల్లమచ్చ వేస్తుంది, వారంలో మానుతుంది. కంటికి తగిలితే మానదు. అందుకే మైదానంలో అన్ని నియమాల కన్నా ముందుది మాస్కు. ఆటకు కొత్తవాళ్లకు అసలు గండం శత్రువు దగ్గర లేదు, మాస్కు అద్దం మీద కమ్మే ఆవిరిలో ఉంది. పరుగెత్తి వగరుస్తారు, అద్దం మసకబారుతుంది, ఒక్క క్షణమే కదా అని చెయ్యి పైకి పోతుంది. ఆ ఒక్క క్షణం ఈ మార్కర్‌కు వణుకు. కూర్చుని రిఫరీని కేకేస్తే చాలు, ఆయనే బయటికి తీసుకెళ్తాడు.

మొన్న ఒక బడిపిల్ల వచ్చింది. మొదటి ఆటలో చెక్క అడ్డు పైనుంచి తల ఎత్తింది, వెంటనే మాస్కు మీద నారింజ రంగు. బయటికొచ్చేటప్పుడు గొట్టానికి తొడుగు వేయడం మరిచింది, రిఫరీ అరిచాడు. రెండో ఆటలో అడ్డు పక్కనుంచి, మోకాలి ఎత్తులో చూడడం మొదలుపెట్టింది. ఒకసారి తొంగిచూసిన చోటునుంచే రెండోసారీ చూసి మళ్లీ దెబ్బతింది, భుజం మీద. మూడో ఆటలో చాలాసేపు పేల్చనేలేదు. అవతలివాళ్లు ఎటు కదులుతున్నారో పక్కనున్న పిల్లాడికి గట్టిగా చెబుతూ, అతను పేలుస్తుండగా ఒక చెట్టు దాకా ముందుకు జరిగింది. మళ్లీ ఇంకో చెట్టు దాకా. ఈ మార్కర్ ఆమె భుజానికి ఆనుకుని అంతా చూసింది.

అందుకోవాల్సిన జెండాకు పది అడుగుల దూరంలో మోచేతికి రంగు పడింది. చెయ్యి పైకెత్తి ‘హిట్’ అని అరిచింది. కొట్టినవాడు ఏ చెట్టు వెనక ఉన్నాడో ఆమెకు కనిపిస్తూనే ఉంది. అవుటైనవాళ్లు నోరు విప్పకూడదు, విప్పలేదు. మార్కర్‌ను తల మీదికెత్తి పట్టుకుని, మాస్కు తీయకుండా మైదానం అంచున ఉన్న వల దాకా నడిచింది. ఎవరూ చెప్పకముందే జేబులోంచి తొడుగు తీసి గొట్టానికి బిగించింది.